మెషేన్ పండితుడును మూడు వికళలును

మన పాఠశాలలో చిన్న తరగతి బాలుడు మొదలుకొని పై తరగతి విద్యార్థి వరకు ప్రతివాని పెట్టెలోను ఒక కొలబద్ద యుండును. దాని యంచున సెంటిమీటరుల గీతలు గీయబడియుండును. అట్టివి నూరు కూడిన ఒక మీటరగునని ఉపాధ్యాయులు చెప్పుదురు; బాలురు వ్రాసికొందురు. ఆ మీటరు సరిగా ఇంతయే యేల యుండవలెను, వెండ్రుకవాసి యెక్కువయో తక్కువయో యేల కారాదు అని ప్రశ్నించు బాలుడు మాత్రము అరుదు. పూర్వము మన పెద్దలు మోచేతితో మూరను, చాచిన వ్రేళ్లతో జానను, రెండు చేతులు చాచి బారను కొలిచిరి. పొడుగువాని మూర వేరు, పొట్టివాని మూర వేరు. నేటికిని మన వీధులలో పూలమాలలు మూర లెక్కనే అమ్ముదురు గదా! కొనువారు తమ చేతితో కొలువుమనుటయు, అమ్మువారు తమ చేతినే చాచుటయు అందరెరిగిన వివాదమే.

మీటరునకు ఏ మనుష్యుని చేయియు ప్రమాణము కాదు. భూగోళమునే దానికి ప్రమాణముగా గైకొనిరి. అట్లు భూమిని కొలుచుటకు బయలుదేరిన ఇద్దరు పండితులలో నొకడైన పియేర్ ఫ్రాన్సువా ఆంద్రె మెషేన్ అను పరాసు ఖగోళశాస్త్రజ్ఞుని చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థుల కొరకు వ్రాయుచున్నాము. ఆతని సహచరుడైన డెలాంబరు పేరు గ్రంథములలో నెక్కువగా కనబడును. అయినను మేము బుద్ధిపూర్వకముగానే మెషేనును ఎన్నుకొంటిమి. ఏలయనగా కొలతయనగా నేమో, కొలతలో తప్పనగా నేమో తెలిసికొనుటకు ఆతని కథ వంటిది మరియొకటి మాకు తోచలేదు.

మెషేన్ 1744వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీని ఫ్రాన్సుదేశపు ఉత్తరభాగమునందలి లాన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఇండ్ల కప్పులకు లోపలివైపున గచ్చుపూత పూయు పనివాడు. కుమారునకు గణితమునందు చురుకుదనము గలదు గాని ఇంట ధనము లేదు. వంతెనలును బాటలును నిర్మించు విద్యను నేర్పెడి పారిస్ నగరపు పాఠశాలలో కొంతకాలము చదివి, సొమ్ము చాలక నడుమనే మానుకొని, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనెను. ఆకాశమును చూచుట ఆతని వేడుక. కష్టపడి సంపాదించిన ఖగోళపరికరమును సైతము, తండ్రి ఒక వ్యాజ్యములో చిక్కి అప్పులపాలు కాగా, అమ్మివేయవలసివచ్చెను. కాని ఆ యమ్మకమే ఆతనికి మేలు చేసెను. కొన్నవాడు ఆ కాలమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన లలాండ్ అను ఖగోళవేత్త. ఆయన ఈ యువకుని గుణము గుర్తించి తన గొప్ప గ్రంథము యొక్క అచ్చుకాగితములను దిద్దుటకు ఒప్పగించెను. పిమ్మట 1772లో నౌకాశాఖవారి పటముల కార్యాలయమున ఉద్యోగమును ఇప్పించెను. పగలు సముద్రతీరముల పటములకు లెక్కలు కట్టుట, రాత్రి నక్షత్రములను చూచుట. ఇదియే మెషేన్ జీవితమాయెను. 1777లో వివాహమాడెను. ఇద్దరు కుమారులును ఒక కుమార్తెయు కలిగిరి.

తోకచుక్కలను కనిపెట్టుటలో ఆతనికి గొప్ప పేరు వచ్చెను. 1781లో ఒక్క యేటనే రెండింటిని కనిపెట్టెను. మరుసటి సంవత్సరము శాస్త్రపరిషత్తు ఆతనికి బహుమానమిచ్చి సభ్యునిగా చేర్చుకొనెను. ఇప్పుడు ఎన్కే పేరిట పిలువబడు తోకచుక్కను 1786 జనవరిలో తొలుత చూచినవాడు మెషేనే. మెస్యే అను స్నేహితుడు కూర్చిన నీహారికల పట్టికలో పెక్కు ఈతడు కనిపెట్టినవే. సప్తర్షి మండలపు తోక చెంత నుండు 101వ సంఖ్య గల చక్కని సుడి నీహారిక వానిలో నొకటి. తోకచుక్కను కనిపెట్టిన చాలదు, దాని కక్ష్యను గణించి చూపవలెనని ఆతని నియమము. ఒక లెక్కను పలుమారులు చేసి సరిచూచుకొన్న గాని నిద్ర పట్టని స్వభావము. తోటివారు ఆతని గణితమును కన్నులు మూసికొని నమ్ముచుండిరి. ఆ నమ్మకమే తరువాత ఆతనికి మోయరాని బరువైనది.

1789లో ఫ్రాన్సుదేశమున విప్లవము పుట్టెను. ఆ దేశమున ప్రతి పట్టణమునకును వేరు కొలతలు, వేరు తూకములు ఉండెడివి. ఒకే పేరు గల కొలత ఊరూరికి మారుచుండెడిది. జనులందరకు ఒకే కొలత కావలెను. ఏ పట్టణపు కొలతను ఎన్నుకొన్నను తక్కినవారు ఒప్పుకొనరు. కావున ఎవరి సొత్తును కానట్టి భూమినే ప్రమాణముగా తీసికొనవలెనని శాస్త్రపరిషత్తు సలహా చెప్పగా, 1791 మార్చి నెలలో జాతీయసభ అంగీకరించెను. ఉత్తర ధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటవ భాగము ఒక మీటరు. అనగా ఆ దూరము సరిగా 10,000 కిలోమీటర్లు కావలెనన్నమాట.

ఇచ్చట రేఖను గూర్చి ఒక మాట చెప్పవలెను. కాగితముపై రెండు బిందువుల నడుమ అన్నిటికంటె పొట్టిదారి సరళరేఖ. గోళముపై సరళరేఖకు తావు లేదు. అచ్చట ప్రతి గీతయు వంగియే యుండును. ధ్రువమునుండి ధ్రువమునకు నిలువుగా పోవు గీతను యామ్యోత్తరరేఖ యందురు. పారిస్ గుండ పోవు యామ్యోత్తరరేఖయు, చెన్నపట్టణము గుండ పోవు యామ్యోత్తరరేఖయు ఒకే పొడవు గలవని ఆ పండితులు తలంచిరి. భూమి ధ్రువముల యొద్ద కొంచెము అదిమిన నారింజపండు వంటిదని వారెరుగుదురు. అయినను ఆ పండును తొడిమ గుండ ఏ వైపున కోసినను రెండు సగములును అద్దములోని బింబప్రతిబింబముల వలె సరిపోవునని వారి నమ్మకము. దీనినే మన రేఖాగణితమున సౌష్ఠవమందురు. సౌష్ఠవము నిజమైనచో ఏ దేశపు రేఖను కొలిచినను ఫలితమొక్కటే. అంతేకాదు, రేఖనంతయు కొలువ నక్కరలేదు. ఒక ముక్కను కొలిచి, అది ఎన్ని డిగ్రీలు గలదో తెలిసికొన్న, తక్కినది లెక్కకు వచ్చును.

వారు ఎన్నుకొన్న ముక్క ఉత్తర సముద్రతీరమున డంకర్క్ పట్టణమునుండి పారిస్ మీదుగా స్పెయినుదేశమందలి బార్సిలోనా వరకు వేయి కిలోమీటర్లకు మించి యుండెను. దాని రెండు కొనలును సముద్రమట్టమున నున్నవి. ధ్రువమునకును భూమధ్యరేఖకును సరిగా నడుమనుండు 45వ అక్షాంశము ఈ ముక్కలోనే పడును. ఉత్తరభాగము డంకర్క్ నుండి రొడేజ్ వరకు డెలాంబరునకును, దక్షిణభాగము రొడేజ్ నుండి బార్సిలోనా వరకు మెషేనునకును అప్పగింపబడెను. మెషేనుది మూడింట ఒక వంతే. కాని అందలి పిరెనే పర్వతములకు ఆవలి భాగమును అట్లు అంతకుముందు ఎవరును కొలిచియుండలేదు.

వేయి కిలోమీటర్లు గొలుసుతో కొలుచుట యెట్లు? నడుమ కొండలు, నదులు, అడవులు. అందుకు త్రిభుజములే సాధనము. త్రిభుజమున ఒక భుజమును, రెండు కోణములును తెలిసిన తక్కిన రెండు భుజములు గణితమున వచ్చునని మన పై తరగతి విద్యార్థులు చదివియున్నారు. ఒక బల్లపరుపు నేలపై ఒక్క భుజమును కడ్డీలతో కొలిచి, అచ్చటినుండి కొండకొమ్ములను, గోపురములను శిరోబిందువులుగా చేసికొని త్రిభుజము పక్కన త్రిభుజమును అల్లుకొనుచు పోయినయెడల, కోణములను కొలుచుటతోనే దేశమంతయు కొలువబడును. నూటికి మించిన త్రిభుజములను ఆ ఇద్దరును ఇట్లు గొలుసుగా అల్లిరి. (ఇదే పద్ధతిని 1802లో లాంబ్టన్ అను ఆంగ్లేయుడు చెన్నపట్టణము చెంతనున్న పరంగిమల యొద్ద ఆరంభించెను, ఆ గొలుసు గుత్తి మీదుగా ఉత్తరమునకు సాగెను. మన సీమ కొండలమీద కూడ అట్టి కోణములు కొలువబడినవని మా విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.) ఇది దూరము మాట. కొనల నడుమ ఎన్ని డిగ్రీలో తెలియుటకు రెండు కొనల యందును నక్షత్రముల ఎత్తును కొలిచి అక్షాంశమును నిర్ణయింపవలెను. డిగ్రీలో 3,600వ భాగము ఒక వికళ. నేలపై ఒక వికళకు సుమారు 31 మీటర్లు వచ్చును. ఈ యంకెను జ్ఞాపకముంచుకొనవలెను.

వారి చేతిలోని యంత్రము బోర్డా పండితుడు కల్పించిన వలయము. ఒక కోణమును ఒకమారు కొలిచి చదివిన, చదువుటలో కొంత తప్పు వచ్చును. ఈ వలయమున అదే కోణమును ఒకదానిపై నొకటిగా పదిమారులు పేర్చి, చివర ఒక్కమారు చదివి పదితో భాగింపవచ్చును. చదువుటలోని తప్పు పదవ వంతగును. ఇరువదిమారులు పేర్చిన ఇరువదవ వంతగును. ఎంత ఓపిక యున్న అంత సూక్ష్మత! మెషేన్ వంటి ఓపికగల మనుష్యునికి ఇంతకంటె తగిన యంత్రము లేదని అందరు తలంచిరి.

1792 జూన్ 25వ తేదీని ఆతడు పారిస్ విడిచెను. నాటి ఫ్రాన్సులో ఎవరి మీదనైనను అనుమానమే. మొదటినాడే ఎస్సోన్ అను చోట ఆయుధములు ధరించిన పౌరులు బండినాపి ఈ వింత యంత్రము లేమని నిలదీసిరి. డెలాంబరునకు కూడ ఇట్టి చిక్కులే. ఆతడు గురుతునకై గోపురమున నిలిపిన తెల్లగుడ్డ రాజపక్షమువారి జెండా యని జనులు కలవరపడగా దానికి ఎరుపు, నీలి పట్టీలు కుట్టింపవలసివచ్చెను. మెషేన్ మాత్రము స్పెయినునందు చురుకుగా పని సాగించి, ఆ సంవత్సరపు శీతకాలమున బార్సిలోనా నగరమును ఆనుకొనియున్న మోన్జూయి కొండకోటపై చేరి, రాత్రి వెంట రాత్రి నక్షత్రములను కొలిచెను. ఆరు నక్షత్రములు, వందలకొలది కొలతలు. అయిదు చక్కగా ఒకదానితో నొకటి పొసగెను. ఆరవది, మన పెద్దలు అరుంధతి చెంత చూపించు వసిష్ఠనక్షత్రము, తక్కినవానితో కలియలేదు. అది క్షితిజమునకు సమీపమున దిగునప్పుడు గాలిలో కిరణము వంగుటచే ఇట్లయ్యెనని ఆతడు సరిపెట్టుకొనెను.

1793లో రెండు ఆపదలు వచ్చెను. మార్చి నెలలో ఫ్రాన్సునకును స్పెయినునకును యుద్ధము ఆరంభమాయెను. ఆ వసంతముననే ఒక స్నేహితునితో కూడ నగరము వెలుపల క్రొత్తగా నిర్మించిన నీరు తోడు యంత్రమును చూడబోగా, అది అదుపు తప్పి తిరిగి, దాని దూలము మెషేన్‌ను కొట్టిపడవేసెను. ప్రక్కటెముకలు నలిగెను, మెడచెంతనుండు జత్రువు విరిగెను, కొన్నాళ్లు తెలివి లేదు. బ్రదికెను గాని కుడిచేయి చాలకాలము పనికి రాకపోయెను. సరిహద్దు కొండలన్నియు ఎరిగిన ఈ ఫ్రెంచివానిని స్వదేశమునకు పోనిచ్చుట తగదని స్పెయిను సేనాధిపతి అడ్డగించెను. కోటలోనికి మరల అడుగుపెట్టుటకు వీలులేదు. పారిసులో నాతని భార్యాబిడ్డలుండిరి. రాజు శిరచ్ఛేదము, సామూహిక మరణశిక్షలు, ఆగస్టులో శాస్త్రపరిషత్తు రద్దగుట. ఈ వార్తలన్నియు ఆతనికి దూరదేశమున ఆలస్యముగా చెవిని పడుచుండెను.

ఊరకుండలేక, ఆ శీతకాలమున తాను బసచేసిన బంగారు ఊట అను పేరుగల సత్రమునుండియే నక్షత్రములను తిరిగి కొలువ నారంభించెను. సత్రమునకును కోటకును నడుమ దూరము త్రిభుజములచే కచ్చితముగా తెలిసినదే. కాబట్టి సత్రపు అక్షాంశమును కొలిచి ఆ దూరమును కలిపిన కోట అక్షాంశము రావలెను. రాలేదు. మూడు వికళలకు కొంచెము మించి భేదము వచ్చెను.

మూడు వికళలనగా నేలపై సుమారు నూరు మీటర్లు. మన పాఠశాల ఆటస్థలము పొడవంత. రెండుచోట్లను కొలిచినది ఒకే మనుష్యుడు, ఒకే యంత్రముతో. ఏ చోటి కొలతను చూచినను లోపల అంకెలు ఒకదానితో నొకటి అద్భుతముగా కలియుచున్నవి. ఒకచోటి కొలతకును మరియొక చోటి కొలతకును మాత్రము పొత్తు లేదు. తప్పు ఎక్కడ? యంత్రమునందా? గాలియందా? విరిగిన చేతియందా? మెషేన్ మనస్సు మూడవదానిని, లేక దానికంటె గూడ లోతుగా తన్నే నిందించుకొన్నది. కోటకు పోయి మరల కొలిచిన తెలియును. కోటకు పోవుటకు వీలులేదు. అప్పుడాతడు చేసిన పని చరిత్రలో నిలిచినది. సత్రమునందలి కొలతలను ఎవరికిని చెప్పలేదు. డెలాంబరునకు చెప్పలేదు. అట్లు దాచిపెట్టి 1794లో సెలవు దొరకగానే ఇటలీదేశమునకు ఓడనెక్కి, జెనోవాలో చాలకాలము గడిపి, 1795లో ఫ్రాన్సు చేరెను.

చదువరులు ఆతనిని తొందరపడి నిందింపకుందురు గాక. ఆతడు ధనమునకు గాని కీర్తికి గాని అబద్ధమాడినవాడు కాడు. ఆ కొలతలో నొక మచ్చ యున్నదని తెలిసిన, ఏడేండ్ల శ్రమ, సహచరుని శ్రమ, దేశము పెట్టిన సొమ్ము, రాబోవు తరముల ప్రమాణము సైతము అనుమానపు పాలగునని భయపడెను. అయినను దాచుట దాచుటయే. శాస్త్రమునందు తప్పు చేసినవానికంటె తప్పును దాచినవాడు ఎక్కువ చెరుపు చేయునని మా యభిప్రాయము. మెషేన్ తాను కూడ అట్లే తలంచెనని ఆతని తరువాతి జీవితము చెప్పుచున్నది. మునుపు చురుకైన మనుష్యుడు ఇప్పుడు తప్పించుకొని తిరుగువాడాయెను. దక్షిణ ఫ్రాన్సు కొండలలో ఋతువులకు ఋతువులు గడచినను పని ముందుకు సాగదు. ఉత్తరములలో తన్ను తాను దూషించుకొనెను. తిరిగి స్పెయినునకు పోనిండని వేడుకొనెను గాని అసలు కారణము చెప్పడు. డెలాంబరు 1797లో తన రెండువంతుల పని ముగించెను. 1798లో మెషేన్ భార్య తానే పారిస్ విడిచి కొండల ప్రాంతమునకు పోయి, భర్తకు ధైర్యము చెప్పి, మిగిలిన పనిని పూర్తిచేయించినది. ఆ యిల్లాలి పేరు థెరేజ్. మీటరు చరిత్రలో ఆమెకు నాలుగు పంక్తులు చాలవు.

అప్పటికి పారిస్ నగరమున పలు దేశముల పండితులు కూడియుండిరి. హాలండు, డెన్మార్కు, స్పెయిను, స్విట్జర్లాండు, ఇటలీ సంస్థానములు తమ తమ గణితజ్ఞులను పంపినవి. కొలతలను పరీక్షించి తీర్పు చెప్పుట వారి పని. డెలాంబరు తన పుస్తకములను వారి ముందుంచెను. ఆతడు కుట్టిన పుస్తకములలో సిరాతో పుటల సంఖ్యలు వేసి వ్రాసికొనెడివాడు. మెషేన్ విడికాగితములపై పెన్సిలుతో వ్రాసికొనెడివాడు. సభవారికి ఆ కాగితముల నీయక, తాను తిరిగి చక్కగా వ్రాసిన సారాంశమును మాత్రమే ఇచ్చెను. అందు సత్రపు కొలతలు లేవు. కోట అంకెలు కొన్ని సవరింపబడినవి. సభవారు ఆ పొంకమును చూచి మిక్కిలి మెచ్చుకొనిరి. మెప్పు ఆతనికి ఎట్లు వినబడియుండునో మా చదువరులే ఊహింతురు.

తక్కిన పని మాత్రము నిజముగా మెచ్చదగినదే. డెలాంబరు పారిస్ చెంతనున్న మెలన్ యొద్దను, దక్షిణమున పెర్పిన్యాన్ యొద్దను సుమారు 12 కిలోమీటర్ల చొప్పున రెండు ఆధారభుజములను ప్లాటినము కడ్డీలతో కొలిచియుండెను. మెలన్ భుజమునుండి త్రిభుజముల గొలుసంతయు గణించుకొనుచు వచ్చి పెర్పిన్యాన్ భుజము ఇంత యుండవలెనని లెక్కకట్టి, నేలపై కొలిచినదానితో పోల్చగా, భేదము ఒక అడుగునకు లోపుగా వచ్చెను. అంకెల పని చేసినవారికి ఇది ఎంతటి ఘనతయో తెలియును. ఆ లెక్కలనుండి మీటరు 443.296 లీనులని తేలినది. లీను అనగా వారి భాషలో గీత. ఫ్రెంచి అంగుళమున పండ్రెండవ వంతు. తొందరకై 1795లో పూర్వపు కొలతలనుండి నిర్ణయించిన తాత్కాలికపు మీటరు 443.44 లీనులు. రెండింటి భేదము ఒక మిల్లీమీటరులో మూడవ వంతు. ఏడేండ్ల ప్రయాణము, యుద్ధము, విరిగిన యెముకలు అన్నియు కలిసి మీటరును కుదించినది ఇంతమాత్రమే! 1799 జూన్ 22వ తేదీని ప్లాటినముతో చేసిన మీటరు కడ్డీని ప్రభుత్వపు దస్తరముల భాండాగారమున భద్రపరచిరి.

మెషేనునకు గౌరవములు కలిగెను. పారిస్ వేధశాల ఆధిపత్యము లభించెను. ఆతనికి అవి యేవియు రుచింపలేదు. యామ్యోత్తరరేఖను బార్సిలోనాకు దక్షిణముగా బలియారిక్ దీవుల వరకు పొడిగింపవలెనని పట్టుబట్టెను. అట్లయిన రేఖకు కొన దీవులలో పడును. బార్సిలోనా అక్షాంశముతో పని తీరును. దాచిన మూడు వికళలు ఎవరికిని అక్కరలేకపోవును. ఇట్టి పనికి యువకులను పంపుదమని స్నేహితులు చెప్పినను వినక, అరువదియవ యేటికి దగ్గరపడిన ఆతడు 1803 ఏప్రిల్‌లో తానే బయలుదేరెను. వలెన్సియా తీరమున కొండలు, బురదనేలలు, జ్వరములు. పనివారు జబ్బుపడిరి. ఆతడు విడువలేదు. చివరకు జ్వరము ఆతనిని పట్టుకొనగా 1804 సెప్టెంబరు 20వ తేదీని కాస్తెల్లోన్ పట్టణమున మరణించెను. దీవుల పనిని తరువాత బియో, అరాగో అను యువకులిద్దరు పూర్తిచేసిరి.

మరణించినవాని కాగితములు డెలాంబరు చేతికి వచ్చెను. ఆ యిద్దరి పనిని గూర్చి మూడు సంపుటముల గ్రంథమును 1806 మొదలు 1810 వరకు ప్రకటించినవాడు ఆతడే. పెన్సిలుతో వ్రాసి చెరిపిన అంకెలు, దిద్దిన అంకెలు, తేదీలు లేని కాగితములు ఒక్కొక్కటే చక్కబెట్టుచు పోగా సత్రపు కొలతలు బయటపడినవి. డెలాంబరు ఏమి చేయవలెను? స్నేహితుని పరువు ఒకవైపు, లోకమునకు చెప్పిన సత్యము మరియొకవైపు. ఆతడు మూల కొలతలను పునరుద్ధరించి, దాచిన సత్రపు కొలతలను తన గ్రంథమున అచ్చువేయించెను. మెషేన్ తన బాధను వెళ్లగ్రక్కుకొన్న ఉత్తరములను మాత్రము ముద్రవేసి వేధశాలలో దాచియుంచెను. ఆ తీర్పు మా మనస్సునకు న్యాయముగానే తోచుచున్నది.

ఇంతకును ఆ మూడు వికళలు మీటరును ఎంత చెరిచినవి? తొమ్మిది డిగ్రీల నలువది నిమిషముల రేఖలో మూడు వికళలు. ముతకలెక్కకు మీటరున ఒక మిల్లీమీటరులో పదవ వంతునకు లోపే. దానికంటె పెద్ద కారణము వేరొకటి గలదు. భూమి ధ్రువముల యొద్ద ఎంత అదిమియున్నదో వారు గైకొన్న అంకె సరియైనది కాదు. 334లో ఒక వంతని వారు లెక్కించిరి. నేటి కొలత సుమారు 298లో ఒక వంతు. అంతేకాదు, డంకర్క్ నుండి బార్సిలోనా వరకు డిగ్రీ డిగ్రీకి గల పొడవులు ఏ చక్కని వక్రరేఖకును లొంగలేదు. భూమి వారు తలంచిన నారింజపండు కాదు. అందందు ఉబ్బి అందందు క్రుంగిన కాయ. ఒక యామ్యోత్తరరేఖ మరియొకదానికి ప్రతిబింబము కాదు. ధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరము 10,000 కిలోమీటర్లు కాక దాదాపు 10,002 కిలోమీటర్లని నేడెరుగుదుము. కావున మీటరు తన నిర్వచనమునకు మిల్లీమీటరులో అయిదవ వంతు పొట్టి. దానినెవరును దిద్దలేదు. 1889లో క్రొత్త కడ్డీ వచ్చినను, 1960లో వెలుగుతరంగములతోను 1983లో కాంతివేగముతోను నిర్వచనములు మారినను, ప్రతిమారును ఆ పాత కడ్డీ పొడవునే నిలిపికొనిరి. మన దేశము 1956వ సంవత్సరపు చట్టముచే గైకొన్న మీటరును అదే.

ఇక మూడు వికళల రహస్యము మిగిలినది. 1828లో నికోలే అను ఖగోళవేత్త మెషేన్ కొలతలను మరల తీసెను. ఆతని యుక్తి మా విద్యార్థులకు తక్కెడ పోలికచే తెలియగలదు. పాసంగము గల తక్కెడలో ఒక వస్తువును ఒకే పళ్లెములో నుంచి నూరుమారులు తూచినను నూరుమారులును అదే తప్పు వచ్చును. అన్ని తూకములును ఒకదానితో నొకటి కలియును గనుక తక్కెడ మంచిదనియే తోచును. వస్తువును ఎడమ పళ్లెమున ఒకమారు, కుడి పళ్లెమున ఒకమారు ఉంచి తూచి సరాసరి చూచిన పాసంగము ఎగిరిపోవును. మెషేన్ యంత్రము యొక్క నిలువు ఇరుసు అరిగియుండవచ్చునని నికోలే తలంచెను. అట్టి యంత్రము నడినెత్తికి ఉత్తరముగా పోవు నక్షత్రముల వలన అక్షాంశమును ఒకవైపునకును, దక్షిణముగా పోవు నక్షత్రముల వలన దానికి ఎదురువైపునకును జరుపును. బోర్డా వలయము ఎన్నిమారులు పేర్చి కొలిచినను ఈ తప్పు తరగదు. మెషేన్ అన్ని నక్షత్రములను ఒకే ప్రోగు చేసెను. నికోలే ఉత్తరపు నక్షత్రములను ఒక ప్రోగు, దక్షిణపు నక్షత్రములను మరియొక ప్రోగు చేసి, రెండింటి సరాసరిని కోటకును సత్రమునకును వేర్వేరుగా కట్టెను. మూడు వికళల భేదము దాదాపు మాయమైపోయెను. కొలిచిన చేతిలో లోపము లేదు, కొలతలన్నియు మంచివే. అప్పటికి మెషేన్ చనిపోయి ఇరువదినాలుగు సంవత్సరములైనది. డెలాంబరు కూడ 1822లోనే గతించియుండెను.